502319: పటాన్‌చెరు పిన్‌కోడు నుంచి కేన్సర్ కణం దాకా

సంగారెడ్డి పిన్‌కోడు 502001. పటాన్‌చెరు పిన్‌కోడు 502319. రెండు సంఖ్యల మధ్య తేడా 318 మాత్రమే. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ గుణం వేరు. 502001 ప్రధాన సంఖ్య. ఒకటితో, తనతో తప్ప మరి దేనితోనూ అది శేషం లేకుండా తెగదు. 502319 అలా కాదు, 353ను 1423తో గుణిస్తే వచ్చేది అది. ఆ రెండూ ప్రధాన సంఖ్యలే.

ఈ సంగతి తేల్చడానికి బళ్లో నేర్పే పద్ధతి ఒకటుంది. 2, 3, 5, 7, 11 అంటూ ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించుకుంటూ పోవాలి. వర్గమూలం దాకా వెళ్తే చాలు. ఈ రెండు పిన్‌కోడులకూ వర్గమూలం 708 దగ్గర ఆగుతుంది. 708 లోపు ప్రధాన సంఖ్యలు 126. సంగారెడ్డి కోసం 126 భాగహారాలూ చేయాలి, ఒక్కటీ తెగదు. పటాన్‌చెరు కోసం 70 భాగహారాలు వృథా అయి, 71వది అయిన 353 దగ్గర తెగుతుంది. కాలిక్యులేటర్ ఉంటే అరగంట పని. పటాన్‌చెరు సంగతి ఒకరు తేల్చి చెప్పాక సరిచూడ్డానికి మాత్రం కరెంటు బిల్లు వెనకవైపు ఒక్క గుణకారం చాలు.

ఈ హెచ్చుతగ్గే ఇప్పటి రహస్య సంకేతాలకు ఆధారం. గుణించడం సులువు, విడగొట్టడం కష్టం. 1977లో రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ కనిపెట్టిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి దీనిమీదే నిలబడింది. ఇప్పుడు వాడే ఆర్‌ఎస్‌ఏ తాళాల్లో సాధారణంగా 617 అంకెల సంఖ్య ఉంటుంది. దాన్ని వరస భాగహారాలతో విడగొట్టాలంటే భూమ్మీద యంత్రాలన్నీ కలిసినా తరం కాదు. కాబట్టి వరస పద్ధతిని వదిలేసి, అడ్డదారి వెతకాలి.

అలాంటి అడ్డదారి ఒకటి 1974లో జాన్ పొలార్డ్ చూపించాడు. దానికి మూలం ఫెర్మా 17వ శతాబ్దంలో చెప్పిన చిన్న సూత్రం. 353 ప్రధాన సంఖ్య కనుక, 2ను 352వ ఘాతానికి హెచ్చించి 353తో భాగిస్తే శేషం 1 వస్తుంది. 352కు ఏ గుణిజం తీసుకున్నా అదే ఫలితం. అంటే 353 ఏమిటో తెలియకపోయినా, 352 ఇమిడే ఏదో ఒక పెద్ద ఘాతం దొరికితే చాలు. 2ను ఆ ఘాతానికి హెచ్చించి, ఒకటి తీసేసి, మిగిలినదానికీ 502319కీ గ.సా.భా. కడితే 353 బయటపడుతుంది. 352ను విడగొడితే అయిదు రెండ్లు, ఒక పదకొండు. అన్నీ చిల్లర అంకెలే కనుక అలాంటి ఘాతాన్ని కూర్చడం తేలిక. పటాన్‌చెరు పిన్‌కోడు పొలార్డ్‌కు ఇట్టే లొంగుతుంది.

అన్ని సంఖ్యలకూ ఈ అదృష్టం ఉండదు. 353 స్థానంలో 359 ఉందనుకుంటే, ఒకటి తీసేస్తే 358. దాన్ని విడగొడితే 2, 179. ఆ 179 ప్రధాన సంఖ్య, ఇక పగలదు. చిల్లర అంకెలతో కూర్చిన ఘాతంలో 179 ఇమడదు కనుక పని అక్కడే ఆగుతుంది. పొలార్డ్ పద్ధతికి ఉన్న లోటు ఇదే. ఒక ప్రధాన సంఖ్యకు ఒకే అవకాశం. 359కి 358 తప్ప మరో సంఖ్య లేదు.

1985లో డచ్ గణితవేత్త హెండ్రిక్ లెన్‌స్ట్రా ఈ లోటును పూడ్చాడు. ఆయన వ్యాసం 1987లో ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్ పత్రికలో వచ్చింది. ఆయన పట్టుకొచ్చిన పనిముట్టు ఎలిప్టిక్ వక్రరేఖ. ఎలిప్స్ అంటే దీర్ఘవృత్తం, కానీ ఇది దీర్ఘవృత్తం కాదు. దీర్ఘవృత్తం చాపం పొడవు కట్టే లెక్కల్లోంచి పుట్టడం వల్ల ఆ పేరు అంటుకుంది, అంతే. రేఖ సమీకరణం చిన్నది: వై వర్గం సమానం ఎక్స్ ఘనం, దానికి ఏదో ఒక గుణకంతో హెచ్చించిన ఎక్స్‌నూ, ఇంకో స్థిరాంకాన్నీ కలపాలి. ఆ గుణకాన్నీ స్థిరాంకాన్నీ మారిస్తే రేఖ మారిపోతుంది. కావలసినన్ని రేఖలు గీసుకోవచ్చు.

ఈ రేఖలకు ఒక విశేషం ఉంది. రేఖ మీది రెండు బిందువులను కూడవచ్చు. రెండిటి మీదుగా స్కేలు పెట్టి సరళరేఖ గీస్తే అది వక్రరేఖను మూడోచోట కోస్తుంది. ఆ మూడో బిందువును అడ్డగీతకు అవతలివైపు అద్దంలోలా తిప్పితే వచ్చేదే కూడిక ఫలితం. స్కేలు నిట్టనిలువుగా నిలబడితే మూడో బిందువు దొరకదు. అప్పుడు ఫలితం అనంతంలో ఉన్న బిందువు అంటారు. కూడికల్లో సున్నా చేసే పని ఇక్కడ ఆ బిందువు చేస్తుంది.

ఇదంతా కాగితం మీది బొమ్మతో కాకుండా శేషాలతో చేస్తారు. గడియారంలో 12 తరువాత 1 వచ్చినట్టు, 359 రాగానే మళ్లీ సున్నా. ఆ లోకంలో ఒక్కో వక్రరేఖ మీద లెక్కపెట్టగలిగినన్ని బిందువులే ఉంటాయి. ఎన్ని అన్నదానికి హద్దులు 1930లలో హెల్ముట్ హాసే నిరూపించాడు. 359 విషయంలో ఆ సంఖ్య 323కీ 397కీ మధ్య ఉండి తీరాలి. ఆ మధ్యలో ఉన్న 75 సంఖ్యల్లో ప్రతిదానికీ తగిన రేఖ ఉంటుంది కూడా. కిటుకంతా ఇక్కడే ఉంది. పొలార్డ్‌కు 358 ఒక్కటే దిక్కు. లెన్‌స్ట్రాకు 324 ఉంది, 336 ఉంది, 360 ఉంది, 384 ఉంది. ఇవన్నీ చిల్లర అంకెలుగా చిట్లిపోయేవే. ఒక రేఖ కలిసిరాకపోతే గుణకం మార్చి ఇంకో రేఖ తీసుకోవచ్చు.

360 బిందువులున్న రేఖ తగిలిందనుకుంటే లెక్క ఎలా నడుస్తుందో చూడవచ్చు. 1 నుంచి 10 దాకా అంకెల క.సా.గు. 2520. అందులో 360 సరిగ్గా ఏడుసార్లు పోతుంది. రేఖ మీద ఏదో ఒక బిందువు తీసుకుని దాన్ని తనతో తానే 2520 సార్లు కూడితే అది అనంత బిందువుకు చేరక తప్పదు. ఏడో తరగతిలో విసుక్కుంటూ కట్టిన క.సా.గు. ఇక్కడ అక్కరకొస్తుంది.

విడగొట్టాల్సిన పెద్ద సంఖ్య లోపల 359 దాగి ఉన్న సంగతి లెక్క చేసేవారికి తెలియదు. కాబట్టి కూడికలన్నీ ఆ పెద్ద సంఖ్య శేషాలతోనే చేస్తారు. ప్రతి కూడికలోనూ స్కేలు వాలు కట్టడానికి ఒక భాగహారం ఉంటుంది. శేషాల లోకంలో ప్రతి సంఖ్యతోనూ భాగించడం కుదరదు. భాజకానికీ పెద్ద సంఖ్యకూ ఉమ్మడి కారణాంకం ఉంటే భాగహారం నిలిచిపోతుంది. 359 వైపు నుంచి బిందువు అనంతానికి చేరిన క్షణంలో సరిగ్గా ఇదే జరుగుతుంది. ఆ నిలిచిపోయిన భాజకానికీ పెద్ద సంఖ్యకూ గ.సా.భా. కడితే 359 చేతికొస్తుంది. లెక్క మధ్యలో చెడిపోతే సంబరపడే సందర్భాలు గణితంలో చాలా తక్కువ.

ఈ వక్రరేఖల సిద్ధాంతంలో తెలుగువాళ్ల పేర్లూ ఉన్నాయి. 1953లో గుంటూరులో పుట్టిన ఎం. రామ్ మూర్తి, 1956లో సికింద్రాబాద్‌లో పుట్టిన ఆయన తమ్ముడు వి. కుమార్ మూర్తి కెనడాలో సంఖ్యాశాస్త్ర ఆచార్యులు. శేషాల లోకంలో ఎలిప్టిక్ వక్రరేఖలు ఎలా ప్రవర్తిస్తాయన్నది ఇద్దరూ పనిచేసిన విషయాల్లో ఒకటి.

లెన్‌స్ట్రా పద్ధతికి పట్టే శ్రమ విడగొట్టే సంఖ్య పొడవును బట్టి కాకుండా, అందులో దాగిన చిన్న కారణాంకం పొడవును బట్టి పెరుగుతుంది. 40 అంకెల కారణాంకం పట్టుకోవడానికి సుమారు 2350 రేఖలు ప్రయత్నించాలన్నది ఈ పని చేసేవాళ్లు పెట్టుకున్న లెక్క. 1995లో రిచర్డ్ బ్రెంట్ పదో ఫెర్మా సంఖ్యలో, అంటే 2ను 1024వ ఘాతానికి హెచ్చించి ఒకటి కలిపిన సంఖ్యలో, 40 అంకెల కారణాంకాన్ని ఇలాగే పట్టాడు. 2013లో ర్యాన్ ప్రాపర్ ఇదే దారిలో 83 అంకెల కారణాంకం పట్టాడు. అయితే ఆర్‌ఎస్‌ఏ తాళాల్లో రెండు కారణాంకాలూ మూడేసి వందల అంకెల పైమాట. అక్కడ ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ సంఖ్యను 2020 ఫిబ్రవరిలో విడగొట్టినప్పుడు నంబర్ ఫీల్డ్ సీవ్ అనే వేరే పద్ధతి వాడారు. ఒక్క ప్రాసెసర్ కోర్ మీద అయితే ఆ పనికి సుమారు 2700 ఏళ్లు పట్టేది. చిత్రమేమిటంటే, తాళాలు పగలగొట్టడానికి పనికొచ్చిన ఈ వక్రరేఖలతోనే తాళాలు వేయవచ్చని అదే 1985లో కోబ్లిట్జ్, మిల్లర్ విడివిడిగా చెప్పారు. ఇవాళ వాట్సాప్ సందేశాలకు వేసే తాళం ఆ జాతిదే.

ఈ వెతుకులాటలో ఒక రేఖకూ ఇంకో రేఖకూ సంబంధం లేదు. ఒకరు ప్రయత్నించే రేఖ ఫలితం కోసం ఇంకొకరు ఎదురుచూడనక్కర్లేదు. పత్తి ఏరడానికి వచ్చిన కూలీలు తలా ఒక సాలు పట్టుకున్నట్టు, వెయ్యి కంప్యూటర్లుంటే వెయ్యి రేఖలు ఒకేసారి నడుస్తాయి. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న హైదరాబాద్ ఐఐటీలో పరమ్ సేవ అనే సూపర్ కంప్యూటర్ ఉంది. జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద వచ్చిన ఆ యంత్రం సామర్థ్యం 838 టెరాఫ్లాప్‌లు, అంటే సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు. అలాంటి యంత్రంలోనూ ఉన్నది ఒక మహా మెదడు కాదు. వేల కోర్లు పక్కపక్కనే కూర్చుని పని పంచుకోవడమే.

సూపర్ కంప్యూటర్ లేని చోట ఇళ్లలోని మామూలు కంప్యూటర్లే ఆ పని పంచుకున్నాయి. మెర్సెన్ ప్రధాన సంఖ్యల కోసం 1996లో మొదలైన గింప్స్ ఈ దారిలో తొలి ప్రయత్నాల్లో ఒకటి. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2002 నుంచి రూపుదిద్దుకున్న బోయింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పంపకాన్ని ఎవరైనా చేరగలిగేంత సులువు చేసింది. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు అది దూరపు సర్వర్ నుంచి ఒక ముక్క పని తెచ్చుకుని, పూర్తిచేసి, జవాబు పంపుతుంది. జర్మనీ ఔత్సాహికుల యోయో అట్ హోమ్ ప్రాజెక్టు ఈ తీరున లెన్‌స్ట్రా రేఖలను పంచుతుంది. ఐబీఎం 2004లో మొదలుపెట్టిన వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ వైద్య పరిశోధనల పనిని పంచింది. 2021లో దాని బాధ్యత టొరంటోలోని క్రెంబిల్ పరిశోధన సంస్థకు వెళ్లింది. ఇది దానమే అయినా కరెంటు మీటరు తిరుగుతుంది. ఎండాకాలంలో పాత ల్యాప్‌టాప్ వేడెక్కిపోతుంది. ఆఫీసు కంప్యూటర్‌లో అనుమతి లేకుండా ఇలాంటివి వేయడం దానం కిందికి రాదు.

వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ పంచిన పనుల్లో కేన్సర్‌వి పెద్దవి. కణం ప్రవర్తన అర్థమైతే తప్ప ఆ పని ఏమిటో తెలియదు. గాజు పళ్లెంలో పెంచిన మామూలు కణాలు ఒకదాని పక్కన ఒకటి పరుచుకుంటాయి. పక్క కణం తగలగానే విభజన ఆపేస్తాయి. పళ్లెం అడుగున ఒక్క పొర ఏర్పడి అక్కడితో సరి. కేన్సర్ కణాలు ఆ స్పర్శను లెక్కచేయవు. ఒకదాని మీదికి ఒకటి ఎక్కి గుట్టలు పడతాయి. చావమన్న సంకేతాన్ని వినవు. తమకు రక్తనాళాలను మళ్లించుకుంటాయి, పుట్టినచోటు వదిలి వేరే అవయవాల్లో గుడిసెలు వేసుకుంటాయి. ఈ లక్షణాలను హనహాన్, వైన్‌బర్గ్ 2000 సంవత్సరంలో ఆరుగా కూర్చారు. 2011లో మరికొన్ని చేర్చారు.

ఈ దుర్గుణాల వెనక జన్యువుల్లో వచ్చిన మార్పులున్నాయి. మనిషికి ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20,000. వాటిలో ఏ పదింటి హెచ్చుతగ్గులు కలిపి చూస్తే ఊపిరితిత్తుల కేన్సర్‌ను ముందే పసిగట్టవచ్చు అన్నది ప్రశ్న అయితే, 20,000లోంచి పదిని ఎంచుకునే తీరులు 37 అంకెల సంఖ్య అవుతాయి. అన్నీ చూడటం అసాధ్యం. అందుకే కొన్నిటిని ఎంచి పరీక్షించాలి. ఒక గుంపు పరీక్షకూ ఇంకో గుంపు పరీక్షకూ సంబంధం లేదు. 2013 నవంబరులో మొదలైన మ్యాపింగ్ కేన్సర్ మార్కర్స్ ప్రాజెక్టు ఈ వెతుకులాటనే ఇళ్ల కంప్యూటర్లకు పంచింది. ముందు ఊపిరితిత్తులు, తరువాత అండాశయం, సార్కోమా. మందులకు పనికొచ్చే అణువులను ఒక్కొక్కటిగా ప్రొటీన్ సందులో అమర్చి చూసే డాకింగ్ పని కూడా ఈ కోవలోదే.

కంప్యూటర్లు రాకముందు ఈ వెతుకులాట చేతులతోనే సాగింది. అందులో భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు ముందు వరసలో ఉంటుంది. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల్లో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఆ తరువాత దానికి నకళ్లు చేసింది. కణం విభజన కావాలంటే డీఎన్‌ఏ నకలు తీయాలి, దానికి ఫోలేట్ కావాలి. ఫోలేట్‌ను మళ్లీ మళ్లీ వాడకానికి తెచ్చే ఎంజైములో నకిలీ అణువు ఇరుక్కుంటే కణం పని ఆగిపోతుంది. తాళంలో విరిగిపోయిన తాళంచెవి లాంటిది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ నకళ్లలో ఒకటైన అమినోప్టెరిన్‌ను రక్త కేన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చాడు. పదిమందిలో కొంతకాలం మెరుగు కనిపించింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు చనిపోయాడు. అదే కుటుంబంలోని మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉంది.

ఆ పిల్లల్లో మెరుగు నిలవలేదు. మెథోట్రెక్సేట్‌కు కణాలు ఎలా తట్టుకుంటాయో 1978లో రాబర్ట్ షిమ్‌కీ బృందం ఎలుక కణాల్లో చూపించింది. మందు మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, ఆ ఎంజైమును చేసే జన్యువు ప్రతులు దాదాపు 200 రెట్లు పెరిగిన కణాలు మిగిలాయి. వచ్చిన నకిలీ తాళంచెవులన్నిటికీ చాలినన్ని తాళాలు తయారుచేసుకున్నాయన్నమాట. కణం ఆలోచించి చేసిన పని కాదది. కోట్ల కణాల్లో యాదృచ్ఛికంగా అలాంటి మార్పు ఉన్నవి బతికాయి, లేనివి చచ్చాయి. మందు ఎక్కడ ఉంటే అక్కడ ఈ ఏరివేత జరుగుతుంది. దాని మరో రూపం పటాన్‌చెరులోనే కనిపించింది. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఇక్కడి ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. కేన్సర్ కణానికి బదులు అక్కడ సూక్ష్మజీవి. సూత్రం ఒకటే.

సంఖ్యల వెతుకులాటకూ కణాల వెతుకులాటకూ పోలిక ఇక్కడితో ఆగుతుంది. కారణాంకం దొరికిందంటే దొరికినట్టే. 353ను 1423తో గుణిస్తే 502319 వస్తుంది, ఇక వాదన లేదు. కంప్యూటర్ ఇచ్చిన మంచి అణువుల జాబితా మాత్రం జాబితాయే. దాన్ని కణాల మీద, తరువాత జంతువుల మీద చూడాలి. ఆపైన మనుషుల మీద మూడు దశల్లో పరీక్షించాలి. ఏళ్లు పడుతుంది, చాలా అణువులు మధ్యలోనే రాలిపోతాయి. అన్నీ దాటిన అణువు చివరికి మందుల ఫ్యాక్టరీ రియాక్టర్‌లోకి వస్తుంది. కేన్సర్ మందులు చేసే చోట బ్లాకు విడిగా ఉంటుంది, లోపలికి వెళ్లేవాళ్లు ఒళ్లంతా కప్పే సూట్లు వేసుకుంటారు. విభజన చెందే కణాన్ని చంపే మందుకు రోగి ఎవరో, షిఫ్టు కార్మికుడు ఎవరో తెలియదు. బ్యాచ్ పూర్తయ్యాక క్యూసీ ల్యాబ్‌లో శుద్ధత తేలితేగాని డ్రమ్ము కదలదు. కందిలోని యంత్రం సెకనులో చేసే లెక్కలకూ, పటాన్‌చెరు నుంచి కదిలే డ్రమ్ముకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని తగ్గించే వక్రరేఖ ఇంకా ఎవరికీ దొరకలేదు.

సంఖ్యల వైపు ఆసక్తి ఉన్నవారికి సూపర్ కంప్యూటర్‌తో పనిలేదు. 502తో మొదలయ్యే పిన్‌కోడు ఏదైనా కాగితం మీదే తేల్చేయవచ్చు. 709 దాటి వెళ్లనక్కర్లేదు.